ఏ చిత్రములోని పాట?

చలనచిత్రములతో సంబంధము లేని పాటను మేము ప్రసారము చేసిన మరునాడు తప్పక వచ్చు ప్రశ్న ఒకటి కలదు. ఉత్తరము వ్రాయువారు ఉత్తరమున, టెలిఫోను చేయువారు టెలిఫోనున, అందరును ఒక్క తీరుననే అడుగుదురు: "నిన్న సాయంకాలము వేసిన పాట బాగున్నదండీ. ఏ చిత్రములోనిది?" ఏ చిత్రములోనిదియు కాదని మేము బదులు చెప్పినచో అవతలివైపున కొంత నిశ్శబ్దము. పిమ్మట, "అయితే రాబోవు చిత్రములోనిదా?" అని రెండవ ప్రశ్న.

ఇట్లు అడుగువారిని తప్పుపట్టుటకు వీలులేదు. పేరు చెప్పినవారిని ఊరేదని అడుగుట మనవారి మర్యాద. మన దేశమున పాటకు చలనచిత్రమే ఊరును, ఇల్లును అయి చాలకాలమైనది. పాట చెవిని పడగానే ఒక నాయికయో, ఒక వానయో, ఒక రైలుబండియో కన్నుల యెదుట కదలును. పాట సగము పని చేయగా తక్కిన సగమును ఆ జ్ఞాపకము చేయును. చిత్రము లేని పాటకు ఈ సహాయము లేదు. అది ఒంటరిగా వచ్చి మన గుమ్మము ముందు నిలుచును. లోనికి రమ్మనుటయో, తలుపు వేయుటయో మన ఇష్టము.

అట్టి పాటలు నేడు మన దేశమున విశేషముగా వెలువడుచున్నవి. అవి ఎట్లు పుట్టుచున్నవి, ఎట్లు బ్రతుకుచున్నవి అను విషయమును కొంత వివరించి, ఈ కొలది సంవత్సరములలో మేము విన్నవానిలో వినదగినవని తోచిన కొన్నింటిని శ్రోతల ముందుంచుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ పాటలను స్వతంత్ర సంగీతమనియు, ఆంగ్లపదమును కుదించి 'ఇండీ' అనియు పిలుచుచున్నారు. ఇండీ అనగా ఇండియా అని భ్రమపడువారు కలరు గాని, అది 'ఇండిపెండెంట్' అను మాటకు ముద్దుపేరు. ఈ మాట వ్యాప్తిలోనికి వచ్చుటకు మూలమైన సంఘటన లనేకములు కలవు. వానిలో ఒక్కటి చెప్పిన చాలును. 1977 జనవరిలో మాంచెస్టరు నగరపు యువకులు కొందరు, బజ్‌కాక్స్ అను బృందమువారు, బంధుమిత్రుల వద్ద 500 పౌనులు బదులు తెచ్చి, నాలుగు పాటలు గల 'స్పైరల్ స్క్రాచ్' అను చిన్న రికార్డును తామే అచ్చువేయించుకొని అమ్ముకొనిరి. మొదట వేసినవి వేయి ప్రతులు. అవి చెల్లిపోగా మరల మరల వేయవలసి వచ్చినది. పెద్ద కంపెనీవారి తలుపు తట్టకయే పాట జనులను చేరగలదని ఆ నాలుగు పాటలు నిరూపించినవి.

ఇచ్చట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. స్వతంత్ర సంగీతమనునది ఒక బాణీ కాదు. హిందూస్తానీ, కర్ణాటకము అనునట్లు ఒక పద్ధతియు కాదు. అది డబ్బునకును, హక్కునకును సంబంధించిన మాట. చలనచిత్ర గీతమునకు నిర్మాత పెట్టుబడి పెట్టును. పాటల హక్కును సంగీతపు కంపెనీ కొనుక్కొనును. పాట ఏ సన్నివేశమునకు కావలెనో, ఎంతసేపుండవలెనో, ఎవరు పెదవి కదుపుదురో ముందే నిర్ణయమగును. స్వతంత్ర గీతమున పెట్టుబడియు, నిర్ణయమును పాడువారివే. ఒక కంప్యూటరు, ఒక మైక్రోఫోను, కిటికీలకు దుప్పట్లు కట్టిన ఒక పడకగది. పలువురకు ధ్వనిముద్రణశాల ఇదియే.

పాటకు రెండు విధములైన హక్కులు కలవు. సాహిత్యమునకు, బాణీకి సంబంధించినది మొదటిది. ధ్వనిముద్రణకు సంబంధించినది రెండవది. 2012లో సవరించిన కాపీరైటు చట్టము చలనచిత్ర గీతముల విషయమున కూడ రచయితకు, సంగీతకర్తకు రాయల్టీలో భాగము పొందు హక్కును ఖాయపరచినది. స్వతంత్ర సంగీతమున ఆ రెండు హక్కులను తమ చేతిలోనే ఉంచుకొనవలెనని కళాకారులు ఆశింతురు. లాభము వచ్చినచో అది వారిది. నష్టము వచ్చినచో అదియు వారిదే; పంచుకొనువారుండరు.

తెలుగువారికి ఈ సంగతి బొత్తిగా కొత్తది కాదు. గ్రామఫోను కాలమున చిత్రములకు చెందని రికార్డులను 'ప్రైవేటు రికార్డులు' అనెడివారు. శంకరంబాడి సుందరాచారిగారు 'దీనబంధు' చిత్రము కొరకు వ్రాసిన 'మా తెలుగు తల్లికి' అను గీతము ఆ చిత్రమున చోటు చేసుకొనలేదు. టంగుటూరి సూర్యకుమారిగారి గొంతున అది రికార్డుగా వెలువడి, ఇంటింటికి చేరి, చివరకు రాష్ట్రగీతమైనది. చిత్రము వదలివేసిన పాటను ప్రజలు ఎత్తుకొనిరి. 1952 తరువాత కొన్ని సంవత్సరములు ఆకాశవాణి చలనచిత్ర గీతములను దూరముంచినది. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి మొదలగువరకు శ్రోతలు వానికై సిలోను రేడియోను ఆశ్రయించిరి. ఆ నిర్ణయము మంచిదా కాదా అను చర్చ యెట్లున్నను, ఆ రోజులలో రేడియో ప్రోత్సహించిన లలితసంగీతమున తెలుగువారికి ఒక పంట పండినది. బాలాంత్రపు రజనీకాంతరావుగారి పాటలు, పాలగుమ్మి విశ్వనాథముగారి 'అమ్మ దొంగా' ఆ పంటలోనివే. 'అమ్మ దొంగా' ఏ చిత్రములోనిదని అడిగిన తల్లిని మేమింతవరకు చూడలేదు. ఊయెల యున్న ఇంటిలో ఆ ప్రశ్నకు అవసరము లేదు.

అయితే ఒక భేదము కలదు. నాటి ప్రైవేటు రికార్డునకు వెనుక గ్రామఫోను కంపెనీ యుండెను. లలితగీతమునకు వెనుక రేడియో యుండెను. నేటి స్వతంత్ర గీతమునకు వెనుక పాడువారి జేబు తప్ప మరేమియు లేదు.

పాట రూపమును దానిని మోయు సాధనము నిర్ణయించునని సంగీతము తెలిసినవారందరు ఎరుగుదురు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల గ్రామఫోను పలకమీద ఒక ప్రక్కన పట్టునది ఇంచుమించు మూడు నిమిషముల సంగీతము. అందుచేతనే గంటసేపు రాగాలాపన చేయగల విద్వాంసులు కూడ మూడు నిమిషములకు కుదించుకొని పాడిరి. నేడు పలక పోయినది. పాట ఇంటర్నెట్టు ద్వారా చేతిఫోనునకు వచ్చుచున్నది. సాధనము మారినను శాసనము మానలేదు. స్పాటిఫై అను సంస్థ లెక్క ప్రకారము శ్రోత 30 సెకండ్లు వినిననే ఆ పాటను ఒక పర్యాయము విన్నట్లు. ఇరువది తొమ్మిదవ సెకండున వ్రేలితో త్రోసివేసినచో లెక్కలోనికి రాదు. అంతియే గాక, 2024 నుండి ఆ సంస్థ మరియొక నియమము పెట్టినది: గడచిన పండ్రెండు నెలలలో కనీసము వేయి పర్యాయములు వినబడని పాటకు ధ్వనిముద్రణ ప్రతిఫలము లేదు.

ఈ నియమముల ఫలితము పాటలోనే వినవచ్చును. పల్లవికి ముందు వచ్చు వాద్యగోష్ఠి తరిగిపోవుచున్నది. మొదటి అరనిమిషములోనే పాట తన సొమ్మంతయు బయట పెట్టవలసి వచ్చుచున్నది. నెమ్మదిగా విచ్చుకొను పాటకు ఇది గడ్డుకాలము. పెండ్లిచూపులకు వచ్చినవారు కాఫీ త్రాగకముందే లేచిపోయినట్లు, శ్రోత పాటను అరనిమిషములో చూచి పోవుచున్నాడు. చలనచిత్ర గీతమునకు ఇది పెద్ద ఆపద కాదు. దానిని వెండితెరమీద, బస్సులో, పెండ్లిపందిరిలో పదిమార్లు వినక తప్పదు. స్వతంత్ర గీతమునకు మాత్రము రెండవ అవకాశము వచ్చుట అరుదు. రేడియో చేయగల పని ఇచ్చటనే కలదు. రేడియోలో పాటను వ్రేలితో త్రోసివేయుటకు వీలులేదు. శ్రోత వంటింటిలో నుండగా, బట్టలు మడచుచుండగా, పాట తన దారిన తాను చివరివరకు సాగును. వారము తిరిగిన పిమ్మట అదే పాటను మరల వేయుటకు మాకు స్వేచ్ఛ కలదు.

మాకు అందిన పాటలను మూడు పర్యాయములు వినుట మా అలవాటు. మొదట కన్నులు మూసికొని శ్రద్ధగా వినుట. రెండవది వేరొక పని చేసికొనుచు వినుట. మూడవది మరునాటి ఉదయమున, ముందు రోజు పాటలో ఏమి మిగిలినదో మాకు మేము పాడి చూచుకొన్న పిమ్మట వినుట. మూడవ పరీక్షలో నిలిచినవి తక్కువ. దిగువ చెప్పబోవునవి అట్లు నిలిచినవి. వీనిలో కొన్ని నిన్నటివి, కొన్ని కొన్నేండ్ల నాటివి. కాని మన యిండ్లలో పలువురకు అన్నియు కొత్తవే యగునని మా నమ్మకము.

మొదట ఇంటి పాట. హైదరాబాదునకు చెందిన 'చౌరస్తా' బృందము వారి 'ఊరెళ్ళిపోతా మామా'. పట్నము చేరిన పల్లెటూరివాడు, ఎర్రబస్సెక్కి తిరిగి ఊరికి పోదునని మామతో మొరపెట్టుకొనుట ఇందలి విషయము. ఇది మన జానపదులకు చిరకాల పరిచయమైన విషయమే. విశేషమంతయు నడకలో నున్నది. ఈ నడక పేరు రెగే. కరీబియను సముద్రములోని జమైకా ద్వీపమున 1960 తరువాత పుట్టినది. మన భజనలో తాళము దెబ్బమీద పడును. రెగేలో గిటారు దెబ్బకును, దెబ్బకును నడుమ నున్న ఖాళీలో పలుకును. శ్రోతలు చేతితో తాళము వేయుచు ఈ పాటను వినినచో, చేయి పైకి లేచినప్పుడెల్ల గిటారు పలుకుటను గమనింపగలరు. దానివలన పాటకు ఒక ఊగుడు, ఒక తీరిక వచ్చినది. తొందర లేనివాడు బండిమీద కూర్చుండి పాడుకొన్నట్లుండును. జమైకా నడకకు తెలుగు యాస ఇంత చక్కగా అతుకునని వినువరకు మేము నమ్మలేదు.

ఈ బృందములో ముఖ్య గాయకుడుగా నుండినవారు రామ్ మిరియాల. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు చేయి చేయి కలుపవద్దని హెచ్చరించుచు చౌరస్తావారు చేసిన పాట ఊరూర మారుమ్రోగినది. తరువాత 2021లో 'జాతిరత్నాలు' చిత్రమున 'చిట్టి' పాట పాడి రామ్ మిరియాల మరింత ప్రసిద్ధులైరి. ఇప్పుడు వారి పాటను గూర్చి ఏ చిత్రములోనిదని అడిగినచో మేము జవాబు చెప్పగలము. అయినను, ఆ గొంతు ముందుగా చిత్రము లేకయే నిలిచినదని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక.

రెండవది శాస్త్రీయ సంగీత ప్రియుల కొరకు. వారికి కోపము తెప్పించు పాట కూడ ఇదియే కావచ్చును. 2003లో బెంగుళూరున ఏర్పడిన 'అగం' బృందమువారు త్యాగరాజస్వామివారి 'మనవ్యాలకించరాదటే' కృతిని 2017లో వెలువడిన 'ఎ డ్రీమ్ టు రిమెంబర్' అను సంపుటమున విద్యుత్ గిటార్లతో, పాశ్చాత్య డ్రమ్ములతో పాడిరి. ప్రధాన గాయకులు హరీశ్ శివరామకృష్ణన్. వీరు వయొలిన్ కూడ వాయింతురు. ఈ కృతి నళినకాంతి రాగములోనిది. ఆరోహణమున సగరిమపనిస అని గాంధారము తాకి వెనుకకు వచ్చి రిషభము మీదుగా సాగు ఆ వంకర నడకయే ఈ రాగమునకు ప్రాణము. డ్రమ్ముల హోరులో ఆ వంకర చెరగిపోవునేమో అని భయపడుచు మేము విన్నాము. చెరగలేదు. రాగము తన దారి తప్పలేదు. మారినది రాగము చుట్టునున్న గాలి.

సాహిత్యము మాత్రము అక్కడక్కడ వాద్యముల క్రింద అణగినట్లు మాకు తోచినది. త్యాగరాజస్వామివారి మాట తెలుగు శ్రోతకు రాగముతో సమానము గనుక ఈ మాట చెప్పక తప్పదు. అయినను, కచేరీకి పోని యువకుడు ఈ దారిన వచ్చి నళినకాంతిని గుర్తుపట్టగలిగినచో, తరువాత కచేరీ గుమ్మము అతనికి దూరము కాదు. ఇంటిలో తాతగారు, మనుమడు కూర్చుండి ఇదే కృతిని మొదట ఒక విద్వాంసుల గొంతున, పిమ్మట అగం గొంతున వినుట మంచి వినోదము. వాదము తప్పదు. ఆ వాదము కూడ సంగీతమునకు మేలే.

మూడవది తమిళము. 'ఎంజాయ్ ఎంజామీ' అను పేరుతో 2021 మార్చిలో వెలువడిన ఈ పాటను దీ, అరివు పాడిరి. సంతోష్ నారాయణన్ దీని నిర్మాణమునకు బాధ్యులు. పేరులోని మొదటి మాట ఆంగ్లము. రెండవది 'నా సామీ' అను అర్థమున పల్లెజనులు ఆప్యాయముగా పిలుచు పిలుపు. వినుటకు ఇది గంతులు వేయించు పాట. లోపల నున్నది దుఃఖము. అరివు పూర్వులు సిలోను తేయాకు తోటలలో కూలిచేసి, తిరిగి తమిళనాడు చేరినవారు. భూమిని సాగుచేసినవారికి భూమి దక్కని కథయే ఇందలి ఇతివృత్తము. తమిళదేశమున చావు ఇంట పాడు 'ఒప్పారి' అను ఏడ్పుపాట ఫక్కి ఇందు వినవచ్చును. మన పల్లెలలో శవము చుట్టు కూర్చుండి స్త్రీలు గుణగానము చేయుచు ఏడ్చుట ఎరిగినవారికి ఆ గొంతులోని జీర వెంటనే బోధపడును. దుఃఖమును నాట్యముగా మార్చుట శ్రమజీవుల విద్య. తమిళము తెలియని మా కార్యాలయపు సోదరులు కూడ దీనిని రెండవసారి వేయుమని అడిగిరి.

ఈ పాటను ప్రపంచమంతట కోట్లకొలది పర్యాయములు వినిరి. అయినను 2024లో సంతోష్ నారాయణన్, ఈ పాటమీద తమకు ఆదాయమేమియు ముట్టలేదని బహిరంగముగా ప్రకటించిరి. ఈ వ్యవహారములో తీర్పు చెప్పుట మా పని కాదు. కాని స్వతంత్రమను మాట పాట అట్టమీద నున్నంతమాత్రమున అది చాలదనియు, ఒప్పందపు కాగితములోని ప్రతి పంక్తియు పల్లవివలెనే శ్రద్ధగా చదువవలసినదనియు దీనివలన తెలియుచున్నది. భూమి దున్నినవానికి పంట దక్కలేదని పాడిన పాటకే అట్టి కథ సంభవించుట విచారకరము.

నాలుగవది హిందీ పాట. 2020లో ప్రతీక్ కుహాడ్ పాడిన 'కసూర్'. వీరు జయపురమునకు చెందినవారు. 2018లో వీరు ఆంగ్లమున పాడిన 'కోల్డ్ మెస్' అను పాటను అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా 2019వ సంవత్సరపు తమ అభిమాన గీతములలో చేర్చుటవలన వీరి పేరు పలుదేశములకు తెలిసినది. మాకు అంతకంటె 'కసూర్' మీద మక్కువ. ఇందు గానము పెద్ద గొంతుతో కాదు. ప్రక్కన కూర్చున్నవానితో మాటాడు గొంతుతో సాగును. ఈ చిన్న గొంతునకు ఒక చరిత్ర కలదు. మైక్రోఫోను రాకముందు నాటకపు గాయకుడు కడపటి బెంచీవానికి వినబడునట్లు ఎలుగెత్తి పాడవలసి వచ్చెను. మైక్రోఫోను వచ్చిన పిమ్మటనే గుసగుస కూడ గానమైనది. మన లలితసంగీతమును ఆ మైక్రోఫోను బిడ్డయే. లలితగీతములు విని పెరిగిన ఇండ్లలో 'కసూర్' పరాయిదిగా తోచదు. ప్రజలు ఇండ్లలో మూతపడియున్న కాలమున ఇది వెలువడినది. ఒంటరిగా నున్నవారు దీనిని ఏల అంతగా కోరుకొనిరో వినినచో బోధపడును.

అయిదవది ఢిల్లీకి చెందిన 'పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ' వారిది. పేరు కంపెనీయే గాని, అది ఒక వాద్యబృందము. సూర్యకాంత్ సాహ్నీ ప్రధాన గాయకులు. 2019లో వచ్చిన 'బిస్మిల్లా' అను సంపుటములోని 'ఫ్లోటెడ్ బై' అను ఆంగ్లగీతము మా ఎన్నిక. పాతకాలపు హోటలు నాట్యశాలలో పాడు గాయకుని వలె తీరికగా, మత్తుగా సాగు గొంతు. వెనుక బాకాల వరుస. పెండ్లి ఊరేగింపులోని బ్యాండుమేళము దూరవీధిని దాటిపోవుచుండగా మేడమీద నిలిచి వినినట్లుండును. 1950 తరువాతి హిందీ చిత్రములలోని క్లబ్బు పాటలను ఇష్టపడిన పెద్దలకు ఇది నచ్చవచ్చును. ఈ బృందము 2024లో 'బీటా' అను సంపుటమును వెలువరించినది. అందలి 'సడన్లీ'ని కూడ వినవలసినదిగా కోరుచున్నాము. అయితే మొదటి అరనిమిషములో దీనిమీద అభిప్రాయము ఏర్పరచుకొనరాదు.

చివరకు పెద్దలమాట. 1990లో ఢిల్లీలో ఏర్పడిన 'ఇండియన్ ఓషన్' ఈ త్రోవ నడచినవారిలో అగ్రజులు. 2000లో వెలువడిన వారి 'కందీసా' గీతమునకు మూలము కేరళ సిరియను క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన. భాష యేసుక్రీస్తు కాలపు అరామిక్ భాషకు చెందినది. ఒక్క మాటయు మనకు తెలియదు. అయినను పవిత్రమైన చోట నిలిచినట్లు తెలియును. చిన్నగా మొదలై, గొంతుమీద గొంతు చేరి, గుడి గోపురమువలె అంతస్తు వెంబడి అంతస్తు లేచును. ఇందు పాడినవారిలో ఒకరైన ఆశీమ్ చక్రవర్తి తబలా వాయించుచునే పాడెడివారు. 2009 డిసెంబరులో వారు కాలధర్మము చెందిరి. మరుసటి సంవత్సరము ఆ బృందమువారు '16/330 ఖజూర్ రోడ్' అను సంపుటములోని పాటలను, ఆశీమ్ గొంతు నిలిచియున్న పాటలను, నెలకొక్కటి చొప్పున ఇంటర్నెట్టు ద్వారా ఉచితముగా పంచిపెట్టిరి. ఆ పేరు వారు సాధన చేసిన ఇంటి చిరునామా. పాట అమ్ముడుపోవుటకంటె వినబడుట ముఖ్యమని, వినినవారు కచేరీకి వత్తురని వారి తలంపు. 2023లో 'తూ హై' అను మరియొక సంపుటము వెలువరించిరి.

అన్ని స్వతంత్ర గీతములును మంచివని మేము చెప్పుటలేదు. చిత్రము లేనంతమాత్రమున పాటకు గొప్పతనము రాదు. మాకు వచ్చువానిలో ఒకరినొకరు అనుకరించునవి, నాలుగు మాటలను నలుబదిసార్లు త్రిప్పునవి చాల కలవు. నిర్మాత, దర్శకుడు లేకపోవుట స్వేచ్ఛయే. కాని 'ఈ చరణము అనవసరము, తీసివేయుము' అని చెప్పువారు కూడ లేకపోవుట కొన్ని పాటలకు కీడు చేసినది. తెలుగులో ఈ లోపము మరింత కనబడుచున్నది. బాణీ కట్టగల యువకులు పలువురు కలరు. మాటను తూచి వ్రాయువారు తక్కువ. లలితగీతములకు మంచి కవులు వ్రాసిన రోజులను తలచుకొన్నచో, నేటి కవులు ఈ యువకుల గుమ్మము త్రొక్కవలసిన సమయము వచ్చినదని తోచును.

ఇక శ్రోతలు చేయవలసినది స్వల్పము. పాట నచ్చినచో పాడినవారి పేరు గుర్తుంచుకొనుడు. రెండవసారి వినుడు, మొదటిసారి నచ్చకున్నను ఒక్కమారు మరల వినుడు. ఊరికి ఆ బృందము వచ్చినచో టిక్కెట్టు కొని పోవుడు. పాటలమీద వచ్చు పైసలకంటె ఎదుట కూర్చున్న నూరుగురు శ్రోతలు వారికి ఎక్కువ ఆధారము. అగం బృందములోని వారు సంవత్సరముల తరబడి కంపెనీ ఉద్యోగములు చేయుచునే సంగీతము సాగించిరి. పగలు ఉద్యోగము, రాత్రి పాట. ఇది ఈ దారిలో నడచు పలువురి దినచర్య. ఆ రాత్రి పాటకు శ్రోత లేనినాడు పగటి ఉద్యోగమే మిగులును.

మేము చేయవలసినదియు కలదు. పైన చెప్పిన పాటలను ఒక్కొక్కదానిని ఒక్కసారి వేసి చేతులు దులుపుకొనక, వారము విడిచి వారము మరల వేయుటకు నిశ్చయించినాము. ప్రతి పాటకు ముందును, వెనుకను రచయిత, సంగీతకర్త, గాయకుల పేర్లు తప్పక చెప్పుదుము. పూర్వము రేడియోలో ఇది నియమముగా నుండెను; తొందరలో దానిని వదలినవారము మేమే. శ్రోతలకు పేర్లు చెప్పనిది, చిత్రము పేరు తప్ప వారు మరేమి అడుగగలరు?

కావున మా సోదర శ్రోతలకు, సోదరీమణులకు ఒక్క మనవి. ఈసారి మీకు ఒక పాట నచ్చి మాకు ఉత్తరము వ్రాయదలచినప్పుడు, ఏ చిత్రములోనిదని కాక, "ఎవరు వ్రాసినారు, ఎవరు పాడినారు?" అని అడుగుడు. ఆ ఉత్తరము మేము చదివి పెట్టెలో దాచుకొనము. పాడినవారికే పంపుదుము.